మందు రాసే చేతికి ఉండవలసిన కట్టుబాట్లు

(సంస్థ వార్షిక సమావేశంలో ఆదివారం డిస్పెన్సరీ వైద్యుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



నిరుడు సర్వసభ్య సమావేశంలో మన ఆదివారం డిస్పెన్సరీ మీద ఒక ఫిర్యాదు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. "అక్కడికి పోతే డాక్టర్లు పావుగంట సేపు ప్రశ్నలు వేస్తారు గాని ఒక్క సూది వేయరు. జ్వరమని పోతే నాలుగు బిళ్ళలు చేతిలో పెట్టి, మూడు రోజులాగి రమ్మంటారు. ఈ మాత్రానికి మనం చందాలు పోగుచేయడం ఎందుకు?" అని ఒక పెద్దమనిషి లేచి అడిగారు. సభలో చాలామంది తలలూపారు. మేము వెనక వరసలో కూర్చుని అది చూశాము. సెక్రటరీ గారు నవ్వుతూ, "వచ్చే ఏడు మీరే జవాబు చెప్పుకోండి డాక్టరు సాబ్" అన్నారు. ఏడాది గడిచింది. జవాబు చెప్పవలసిన వంతు మాది.

ఆ పెద్దమనిషి మీద మాకు కోపం లేదని ముందుగా మనవి చేస్తున్నాము. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. డబ్బు మీది, ఒళ్ళు మీది. ఆ ఒంట్లోకి పోయే మందు ఎవరు, ఎందుకు, ఏ లెక్కన రాస్తున్నారో అడిగే హక్కు మీకున్నది. మాకు బాధ ఒక్కటే: మీరు ఆ ప్రశ్న మందు తక్కువ రాసినప్పుడే అడుగుతున్నారు. ఎక్కువ రాసినప్పుడు ఎవ్వరూ అడగడం లేదు.

మందుల చీటీ అంటే మనకు అలుసు. పప్పులు ఉప్పుల చీటీ లాగా షాపువాడి చేతిలో పెట్టి, సరుకు తీసుకుని, చీటీ అక్కడే పారేసి వస్తాం. చట్టం దృష్టిలో మాత్రం అది దస్తావేజు లాంటిది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం చీటీ రాతపూర్వకంగా ఉండాలి, వైద్యుడు తన మామూలు సంతకం చేసి తేదీ వేయాలి, ఎవరి కోసం రాశారో ఆ మనిషి పేరూ చిరునామా ఉండాలి, మొత్తం ఎంత మందు ఇవ్వాలో, పూటకు ఎంత వాడాలో ఉండాలి. ఒకసారి మందిచ్చిన చీటీ మీద, వైద్యుడు మళ్ళీ ఇవ్వవచ్చునని రాస్తే తప్ప, రెండోసారి ఇవ్వకూడదు. రాసిన మందు లేదని చెప్పి, షెడ్యూల్ హెచ్ మందులకు బదులుగా షాపువాడు తనంతట తాను వేరొకటి చేతిలో పెట్టకూడదు. ఇవన్నీ కొత్తగా వచ్చినవి కావు. మన తాతల కాలం నుంచీ పుస్తకంలో ఉన్నవే. పాటించేవాళ్ళు ఎందరన్నది మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పుకోవాలి. మందు అట్ట మీద, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ ఉంటేనే అమ్మాలని అచ్చువేసి ఉంటుంది. ఆ మూడు మాటల్నీ కుదిస్తే ఆర్.ఎం.పి. అవుతుంది. అంటే వైద్యవిద్య చదివి, మెడికల్ కౌన్సిల్ జాబితాలో పేరెక్కిన వైద్యుడని అర్థం. మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. డాక్టరంటే సరిగ్గా ఆ జాబితాలో లేనివాడు! ఒకే పొట్టిపేరు అటూ ఇటూ తిరగబడిపోయింది. వాళ్ళను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వాళ్ళే, మేము కాదు. అయినా చీటీ రాసే అధికారం వేరు, ఆదుకునే మంచితనం వేరు. 1996లో పూనం వర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే ఇంకా కటువుగా చెప్పింది. ఒక హోమియో వైద్యుడు జ్వరానికి అల్లోపతి మందులిచ్చాడు, రోగి చనిపోయాడు. తాను చదవని వైద్యంలో మందివ్వడమే నిర్లక్ష్యం, వేరే రుజువు అక్కరలేదన్నది కోర్టు.

ఇతరుల సంగతి చెప్పేముందు మా తప్పు ఒకటి చెప్పుకోవడం ధర్మం. ఇది సావనీరులో అచ్చవుతుందని తెలిసే చెబుతున్నాము.

రెండేళ్ళ కిందట ఒక నానీమా మా డిస్పెన్సరీకి వచ్చారు. కీళ్ళవాతం. పెద్దాసుపత్రిలో ఆమెకు మెథోట్రెక్సేట్ అనే బిళ్ళ రాసి ఉన్నారు. మంచి మందే. కాని దానికొక గట్టి నియమం ఉంది: కీళ్ళవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే అదే మందు విషమవుతుంది. ఆమె మందులు అయిపోయాయి, బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళే ఓపిక లేదు, "బేటా, ఇదే మళ్ళీ రాసిపెట్టు" అన్నారు. జనం కిక్కిరిసి ఉన్నారు. పాత చీటీ చూసి మా చీటీ మీదకు ఎక్కించాము. వారానికి ఒకసారి అనడానికి ఇంగ్లీషులో ఓ.డబ్ల్యు. అని రెండక్షరాలు గిలికాము. షాపులో కుర్రవాడికి అది ఓ.డి. లాగా కనిపించింది. ఓ.డి. అంటే రోజుకొకటి. కవరు మీద అలాగే రాసిచ్చాడు.

ఆరు రోజులు వేసుకున్నారామె. నోరంతా పూసింది, మంచినీళ్ళు కూడా దిగడం లేదు. ఇంట్లోవాళ్ళు వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జాగింజల నీళ్ళు పట్టించారు. ఆదివారం కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొస్తే ఆ నోరు చూడగానే మాకు కాళ్ళల్లో వణుకు పుట్టింది. రక్తం పరీక్ష చేయిస్తే తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఆసుపత్రిలో చేర్చి, దానికి విరుగుడైన ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు. అల్లా దయవల్ల పదిహేను రోజులకు లేచి ఇంటికి వచ్చారు. తరువాత మేము క్షమాపణ చెప్పడానికి వెళితే ఆమే మాకు టీ ఇచ్చి, "నువ్వేం చేస్తావు బేటా, నా రాత" అన్నారు. ఆమె రాత కాదు. మా చేతిరాత.

షాపు కుర్రవాడిదీ తప్పే. అనుమానం వస్తే ఫోను చేసి అడగవలసింది. కాని మొదటి తప్పు చీటీ మీదే జరిగింది. పొట్టి అక్షరాలు వాడాము. వారంలో ఏ రోజో రాయలేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమెను కూర్చోబెట్టి "నానీమా, ఇది వారానికి ఒక్కరోజే, మరిచిపోయి రోజూ వేసుకుంటే ప్రమాదం" అని నోటితో చెప్పలేదు. ఆ ఒక్క వాక్యానికి అర నిమిషం పడుతుంది. ఆ రోజు మా దగ్గర ఆ అర నిమిషం లేకపోయింది. ఇప్పుడు పావుగంట ప్రశ్నలు వేస్తారని మా మీద ఫిర్యాదు వస్తున్నదంటే, దాని వెనుక ఆ నానీమా ఉన్నారని తెలుసుకోండి.

మేము పాటించవలసిన నిబంధనలు 2002లో మెడికల్ కౌన్సిల్ వారు ప్రకటించారు. 2020లో ఆ కౌన్సిల్ పోయి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది. వారు 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటిని నిలిపివేశారు. అందుచేత 2002 నాటివే నడుస్తున్నాయి. వాటి ప్రకారం చీటీ మీద వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మందు పేరు జనరిక్ పేరుతో, చదవడానికి వీలుగా, వీలైతే పెద్ద బడి అక్షరాల్లో రాయాలని 2016లో సవరించారు. కూర్పు ఏమిటో తనకే తెలియని రహస్య మందును ఇవ్వడం తప్పు. కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, నగదు తీసుకోవడం తప్పని 2009 డిసెంబరులో చేర్చారు. 2022లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. డాక్టర్లకిచ్చిన కానుకలను ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవడానికి కంపెనీలకు వీల్లేదన్నది. కానుక ఖరీదు చివరికి బిళ్ళ ధరలో కలిసి రోగి జేబుకే వస్తుందన్నది ఎవరికైనా తెలిసే విషయం. మా బల్లల మీద కూడా ఒకప్పుడు కంపెనీ పేరున్న పెన్నులు, క్యాలెండర్లు ఉండేవి. చిన్నవే గదా అనుకున్నాము. రోజుకు యాభైసార్లు చూసే పేరు చీటీ మీదకు తానై వస్తుంది. అందుకే తీసేశాము.

ఇక సూదుల సంగతి. మన జనానికి సూది అంటే వైద్యం, బిళ్ళ అంటే ఓదార్పు. గ్లూకోజు సీసా ఎక్కిస్తే ఇంకా పెద్ద వైద్యం! నోటితో తాగగలిగిన మనిషికి ఆ సీసాలో ఉన్న నీళ్ళూ, పంచదారా, ఉప్పూ ఇంట్లోనే దొరుకుతాయి. నోటితో మింగితే పనిచేసే మందును సూదితో ఎక్కిస్తే, కురుపు కట్టడం, నరం దెబ్బతినడం, సూది శుభ్రంగా లేకపోతే కామెర్ల రోగం, ఇవన్నీ అదనం. వాంతులాగనివారికి, స్పృహ లేనివారికి, నోటితో పనిచేయని మందు కావలసినవారికి సూది కావాలి. అప్పుడు మేము వెనుకాడము.

యాంటిబయాటిక్ మందులూ అంతే. మామూలు జలుబు, గొంతునొప్పి, ఒళ్ళునొప్పులతో వచ్చే జ్వరాల్లో చాలావాటికి కారణం వైరస్. దాని మీద యాంటిబయాటిక్ పనిచేయదు. మూడు రోజులకు జ్వరం తగ్గేది దానంతటదే. పేరు బిళ్ళకు పోతుంది. అనవసరంగా వాడిన ప్రతిసారీ ఒంట్లో క్రిములు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందు పారదు. ఈ బెడద వల్లనే 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే పట్టిక అమలులోకి వచ్చింది. మొదట 46 మందులు చేర్చారు. పైతరగతి యాంటిబయాటిక్స్, క్షయ మందులు, అలవాటు పడిపోయే కొన్ని మందులు అందులో ఉన్నాయి. వీటిని అమ్మితే షాపువారు వేరే రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది రాసి మూడేళ్ళు ఉంచాలి. 2016 నుంచి యాంటిబయాటిక్ అట్టల మీద నిలువునా ఎర్రగీత గురించి ప్రభుత్వం ప్రచారం చేసింది. ఇంటికి వెళ్ళాక మీ మందుల డబ్బా తీసి చూడండి. ఎర్రగీత ఉన్న అట్టల్లో సగం వాడి దాచినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిని పక్కింటి చిన్నమ్మకు ఇవ్వకండి.

మోతాదు గురించి ఒక పెద్ద కేసు చెబుతాము. 1998లో అనురాధా సాహా అనే ఆమె అమెరికా నుంచి సెలవులకు కలకత్తా వచ్చారు. ఒంటి మీద దద్దుర్లు లేచాయి. డెపో మెడ్రాల్ అనే స్టీరాయిడ్ సూది రాశారు. అది ఒంట్లో చాలాకాలం నిలిచి పనిచేసే రకం, ఒకటి రెండు వారాల ఎడంతో ఇవ్వవలసినది. రాసింది 80 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, మూడు రోజుల పాటు. చర్మం ఊడిపోయే దారుణమైన జబ్బుతో మే 28న బొంబాయిలో ఆమె చనిపోయారు. ఆమె భర్త కూడా వైద్యుడే. పదిహేనేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. క్రిమినల్ కేసు నిలవలేదు గాని, 2009లో సుప్రీంకోర్టు వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని తేల్చింది. 2013లో 5.96 కోట్ల రూపాయల పరిహారం, దాని మీద వడ్డీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. మందు తప్పా, మోతాదు తప్పా అని మనం వాదించుకోవచ్చు. మాకు ఆ కేసులో కనిపించేది వేరు. చదువుకున్న భార్యాభర్తలు, పెద్ద నగరం, పేరున్న వైద్యులు. అయినా "ఈ మందు ఎంత ఎడంతో ఇవ్వాలి?" అన్న చిన్న ప్రశ్న ప్రాణం మీదకు తెచ్చింది.

అంత దూరం ఎందుకు, మన పేటల్లో కీళ్ళనొప్పులకు, ఆయాసానికి పొడి పొట్లాలు అమ్మేవాళ్ళున్నారు. రెండు పొట్లాలు వేసుకుంటే మంచం దిగి నడుస్తారు. అందులో ఏముందంటే "వేర్లు, మూలికలు" అంటారు. అలా వాడిన కొందరిని చూస్తే ముఖం గుండ్రంగా ఉబ్బి, చర్మం పలచబడి, షుగర్ పెరిగి ఉంటుంది. అది స్టీరాయిడ్ పని. పొట్లాలు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, మనిషి కుప్పకూలవచ్చు. వాడుతున్నవారు ఈ సభలో ఉంటే దాచకండి. మేము తిట్టము. నెమ్మదిగా తగ్గించే దారి చూస్తాము.

ఇప్పుడు రంజాను మాట. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెబితే విసుక్కోవద్దు.

ఏటా రోజాల నెలలో మా దగ్గరికి చెమటలు పట్టి, కళ్ళు తిరిగి పడిపోయినవారిని రిక్షాల్లో తెస్తారు. చాలామందిది ఒకటే కథ. షుగర్ బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చీటీ మీద ఉంది. సహరీలో ఆ పొద్దుటి బిళ్ళ పూర్తిగా వేసుకున్నారు, పగలంతా తిండి లేదు. అసరు నమాజు వేళకు షుగర్ దిగిపోయింది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి బిళ్ళలతో, ఇన్సులిన్‌తో ఈ ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి తక్కువ. సాధారణంగా పెద్ద మోతాదు ఇఫ్తారుకు మార్చి, సహరీకి తగ్గిస్తారు. అయితే ఎవరికెంత అన్నది మనిషిని బట్టి. అందుకని నెల మొదలవడానికి ఆరు వారాల ముందే రావాలి. ముస్లిం రోగికి షుగర్ మందు రాస్తూ "మీరు రోజా ఉంటారా?" అని అడగని వైద్యుడు పని సగమే చేసినట్టు. అతను ఏ మతంవాడైనా సరే, ఆ ప్రశ్న వృత్తిలో భాగమే. అలాగే రోజా మానమంటారేమోనని భయపడి మందులు మానేసి, "అన్నీ వాడుతున్నాను" అని చెప్పే రోగి కూడా తప్పు చేస్తున్నాడు. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఉలమాలలో చాలామంది చెప్పి ఉన్నారు. 70 కన్నా దిగితే ఆ క్షణమే రోజా విప్పేయాలి. ఇంకో గంటే గదా అని ఆగరాదు. 300 దాటినా అంతే. రోజుకు మూడుసార్లు వేసుకోవలసిన మందు ఏదైనా రాస్తే, ఒకటి రెండుసార్లతో సరిపోయే రకం ఉందా అని అడగండి. చాలాసార్లు ఉంటుంది. మీరు అడగరు గనుక మేము మూడుపూటలదే రాసేస్తాము.

గల్ఫు వెళ్ళే పిల్లలకు ఒక్క మాట. ట్రమడాల్, కోడీన్ కలిసిన నొప్పి, దగ్గు మందులు అక్కడ చాలా కట్టుదిట్టం. మన దేశంలోనే ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అమ్మ కట్టి ఇచ్చిన మందుల సంచీలో చీటీ లేకుండా ఏదీ తీసుకుపోవద్దు. అక్కడి నుంచి వాట్సాప్‌లో "ఫలానా బిళ్ళ వేసుకోనా" అని అడిగేవారు కూడా ఎక్కువయ్యారు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నియమాల ప్రకారం ఫోనులో కొన్ని మందులు రాయవచ్చు, కొన్ని రాయకూడదు. రాయలేమంటే కినుక వహించకండి.

ఉచితంగా చూస్తున్నాము గనుక మమ్మల్ని ఎవరు అడుగుతారని అనుకోవడం లేదు. 1995లో సుప్రీంకోర్టు వైద్యులను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పుడు, అందరికీ ఉచితంగా చూసే చోట్లను బయట ఉంచిన మాట నిజం. కాని మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉచితానికి వేరే పేజీ లేదు. మా మీద ఫిర్యాదు ఉంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాయవచ్చు. ఆరు నెలల్లో తేల్చాలని నియమం. మా రిజిస్ట్రేషన్ నంబర్లు డిస్పెన్సరీ గోడ మీద రాయించాము.

కార్యవర్గం వారు ఒప్పుకున్న మార్పులు ఇవి. వచ్చే ఆదివారం నుంచి చీటీ కార్బను పెట్టి రెండు ప్రతులు రాస్తాము. ఒకటి మీకు, ఒకటి డిస్పెన్సరీ ఫైలులో. ఏ మందు ఎందుకో, ఏ పూటకో, ఎన్ని రోజులో కింద తెలుగులో రాస్తాము. ఉర్దూ మాత్రమే చదవగలిగిన పెద్దలకు మన మదర్సా కుర్రవాళ్ళు ఇద్దరు కూర్చుని రాసిపెడతామని ముందుకొచ్చారు. వారానికి ఒకసారి వేసుకునే మందైతే ఆ వారం పేరు ఎర్రసిరాతో ఉంటుంది. పొట్టి అక్షరాలు వాడము. కొత్త మందు రాసేముందు వయసు, ఇతర మందులు, ఏ మందైనా పడదా, ఆడవారైతే గర్భిణియా, పాలిస్తున్నారా అని అడుగుతాము. జనం ఎక్కువై అడగలేకపోతే ఆ రోజుకు టోకెన్లు ఆపేస్తాము. ఇందువల్ల రోజుకు అరవైమందిని చూసే చోట నలభైమందినే చూడగలుగుతాము. మిగిలిన ఇరవైమందికి కోపం వస్తుంది. ఆ కోపం మా మీద కాక కమిటీ మీద పడుతుందేమో, అందుకే ఇంకొక వైద్యుణ్ణి వెతుకుతున్నాము. మీ బంధువర్గంలో ఎవరైనా ఉంటే చెప్పండి.

వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, పొట్లాలతో సహా, ఒక సంచీలో వేసుకుని తీసుకురండి. పాత చీటీలు చిరిగిపోయినా సరే పారేయకుండా తేవాలి. డిస్పెన్సరీ ఎప్పటిలాగే ఫజర్ తరువాత కాదు, తొమ్మిది గంటలకు తెరుస్తాము.